తాలూకా దగ్గర ఆగిపోయిన చట్టం

(ఉత్తర తెలంగాణ మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో నాకిచ్చిన అంశం 'వలస పాలనా కాలంలో పరిపాలన, పోలీసు, న్యాయ సంస్కరణలు'. అంశం పేరు చదవగానే మీలో కొందరు నిట్టూర్చడం చూశాను. పొద్దున లేస్తే ఠాణా, తహసీలు, కోర్టు చుట్టూ తిరిగే మనకు నూటయాభై ఏళ్ల కిందటి సంగతి ఎందుకని అనిపించడం సహజమే. కానీ నిన్న మొన్న మీరు మోసిన కాగితాలను ఒకసారి గుర్తు చేసుకోండి. దరఖాస్తు, పంచనామా, జమానతు, తారీఖు, నకలు, విరాసత్, పహాణీ, వకాల్తా. ఇందులో ఒక్క మాటైనా మన అమ్మమ్మలు ఇంట్లో మాట్లాడుకున్నదా? ఈ మాటలన్నీ ఆ సంస్కరణల కాలం నుంచే మన చేతికొచ్చాయి. మాటలతో పాటు ఆ పద్ధతులూ వచ్చాయి, ఆ అలవాట్లూ వచ్చాయి.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలను బ్రిటిషువాళ్లు నేరుగా పాలించలేదు. ఇది నిజాం రాజ్యం. అయితే హైదరాబాదులో బ్రిటిషు రెసిడెంటు కూర్చుని ఉండేవాడు. ఆయనకు నచ్చని పని జరగడం కష్టం. అంటే మనకు వలస పాలన రెండో చేతి మీదుగా వచ్చింది. అక్కడి చట్టాలు, కచేరీలు, పోలీసు పద్ధతులు నమూనాగా ఉర్దూలో ఇక్కడికి చేరాయి.

సంస్కరణలు ఎవరి కోసం?

1853లో మీర్ తురాబ్ అలీఖాన్, అంటే మొదటి సాలార్‌జంగ్, దివాన్ అయ్యాడు. అప్పటికి ఖజానా ఖాళీ. బ్రిటిషు సైన్యం ఖర్చు బాకీ కింద అదే ఏడాది పెన్‌గంగ అవతలి బీరారును కంపెనీకి అప్పజెప్పాల్సి వచ్చింది. అప్పటిదాకా తాలూకాలను గుత్తకిచ్చేవాళ్లు. గుత్త పట్టినవాడే తాలూక్‌దారు. శిస్తు వసూలు చేసేదీ వాడే, తగవు తీర్చేదీ వాడే, కొట్టేదీ వాడే. ఇక ఇట్లా సాగదని సాలార్‌జంగ్ గుర్తించాడు. గుత్తలు తీసేసి జీతం మీద అధికారులను పెట్టాడు. 1865లో జిలాబందీ జరిగింది. రాజ్యాన్ని సుబాలుగా, జిల్లాలుగా, తాలూకాలుగా విడదీశారు. 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదరుల్ మహాంలను, అంటే మంత్రులను, నియమించారు.

మన ప్రాంతం అప్పుడు ఎలగందుల జిల్లా. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారి ఆ పేరు వచ్చింది. ఆదిలాబాదు వైపు 1872లో సిర్పూరు-తాండూరు అనే చిన్న జిల్లాగా ఏర్పడి, 1905లో పూర్తి జిల్లా అయింది.

ఇవి మంచి పనులా, చెడ్డ పనులా? గుత్తేదారు కంటే జీతగాడు మేలే. కొట్టేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒకడే కాకపోవడం మేలే. కానీ ఈ సంస్కరణల ఉద్దేశం శిస్తు సక్రమంగా రావడం, ఖజానా నిండడం, బ్రిటిషువాళ్లు మరో జిల్లా అడగకుండా చూసుకోవడం. ప్రజలకు న్యాయం అందించడం ఆ జాబితాలో చివరన ఉంది. అదే కాలంలో నిర్మల్ ప్రాంతంలో గోండులు, రోహిల్లాలు రాంజీగోండు నాయకత్వంలో తిరగబడితే 1860లో ఆయనను నిర్మల్‌లో ఉరితీశారు. ఒకే మర్రిచెట్టుకు వెయ్యి మందిని ఉరితీశారని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్త పాలన మన ప్రాంతానికి మొదట చూపించిన ముఖం అది.

కచేరీలో మూడు చేతులు, ఊళ్లో ఒకే చేయి

జిల్లాలో శిస్తు చూసేది అవ్వల్ తాలూక్‌దారు, అంటే ఈనాటి కలెక్టరు. పోలీసుల పై అధికారి మొహతమీం, ఆయన కింద ఠాణాలో అమీను. తీర్పు చెప్పేది అదాలతు, మునసబు. 1921లో న్యాయశాఖను పాలనాశాఖ నుంచి పూర్తిగా వేరు చేస్తూ నిజాం ఫర్మానా ఇచ్చాడు. బ్రిటిషు ఇండియాలో అప్పటికి కలెక్టరే మేజిస్ట్రేటుగా కూడా ఉండేవాడు. అక్కడ అడిగి అడిగి సాధించలేని పనిని తాము చేశామని హైదరాబాదు ప్రభుత్వం గర్వంగా చెప్పుకుంది. గర్వపడదగ్గ పనే.

కానీ ఇదంతా తాలూకా కేంద్రం దాకానే. ఊళ్లోకి వస్తే పోలీస్ పటేల్, మాలీ పటేల్, పట్వారీ. పేర్లు చూస్తే ఇక్కడా అధికారం మూడు ముక్కలే. నేరం జరిగితే కబురు పంపాల్సింది పోలీస్ పటేల్, శిస్తు వసూలు చేసేది మాలీ పటేల్, లెక్క రాసేది పట్వారీ. అయితే ఈ మూడూ వతన్లు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఉద్యోగాలు. చాలా ఊళ్లలో ఇవి ఒకే ఇంట్లోనో, దొరకు కావలసిన ఇళ్లలోనో ఉండేవి. శిస్తు వసూలు చేసే పని పోయిన దేశ్‌ముఖులకు ప్రభుత్వం రుసుం ఇచ్చింది. సర్వే సెటిల్‌మెంట్లలో మంచి భూములు వాళ్ల పేర పట్టా అయ్యాయి. అట్లా గడీ మరింత గట్టిపడింది.

ఇప్పుడొక స్త్రీని ఊహించుకోండి. గడీలో ఆమె మీద అత్యాచారం జరిగింది. లేదా దొర బిడ్డ పెండ్లయి అత్తగారింటికి పోతుంటే, ఈమె కూతుర్ని ఆడబాపగా వెంట పంపమన్నారు. ఆమె ఎవరికి చెప్పాలి? చట్టం ప్రకారం పోలీస్ పటేల్‌కు చెప్పాలి. పోలీస్ పటేల్ ఎవరు? గడీ మనిషి. ఆయన కబురు పంపితేనే తాలూకా నుంచి అమీను వస్తాడు. వస్తే ఎక్కడ దిగుతాడు? గడీలోనే. ఆయనకు వండేదెవరు? ఆమే, ఆమె తోటివాళ్లే.

మా అమ్మమ్మ జగిత్యాల వైపు పల్లెలో పుట్టింది. చిన్నప్పుడు పోలీసుల గురించి అడిగితే ఇట్లా చెప్పేది: "అమీను అత్తుండంటే ఊర్ల కోళ్లు కూసుడు బందయ్యేది బిడ్డా. అన్నీ పొయ్యి మీదికే పోయేటివి." మేం నవ్వేవాళ్లం. ఆ మాట వెనక ఎంత చాకిరీ ఉందో తర్వాత అర్థమైంది. అమీను, గిర్దావరు, తహసీల్దారు, జంగ్లాతు అధికారి, ఎవరు దౌరాకు వచ్చినా ఒకరు కట్టెలు తేవాలి, ఒకరు నీళ్లు మోయాలి, ఒకరు పిండి విసరాలి, ఒకరు గుర్రానికి గడ్డి కోయాలి. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి, మాదిగ సామాను మోయాలి. ఎవరికీ కూలి లేదు. ఈ పనుల్లో సగానికి సగం ఆడవాళ్ల పనులు. అంటే శాఖలు పెరిగిన కొద్దీ అధికారులు పెరిగారు, అధికారులు పెరిగిన కొద్దీ దౌరాలు పెరిగాయి, దౌరాలు పెరిగిన కొద్దీ వెట్టి పెరిగింది. జీతమిచ్చి పెట్టిన ఉద్యోగిని జీతం లేని ఆడమనిషి పోషించింది. సంస్కరణల చరిత్రలో ఈ ఖర్చు ఎక్కడా లెక్కకు రాలేదు.

ఏ భాషలో న్యాయం?

ఇక భాష. మొదట కచేరీల భాష ఫార్సీ. 1880లలో ఉర్దూ వచ్చింది. ఫార్సీ పోయి ఉర్దూ వస్తే మన స్త్రీకి ఒరిగిందేమిటి? ఆమె తెలుగులో ఏడ్చింది. పట్వారీయో అర్జీలు రాసేవాడో దాన్ని ఉర్దూలో రాశాడు. ఏం రాశాడో ఆమెకు తెలియదు. దాని కింద ఆమె వేలిముద్ర ఉంది.

చదువుకున్న మగవాళ్లకే ఇది అవమానంగా ఉండేది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘ సంస్కార సభ జరిగింది. స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన మహర్షి కర్వే అధ్యక్షుడు. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొందరు కలిసి ఆంధ్ర జనసంఘం పెట్టారు. మాడపాటి హనుమంతరావు దానికి పెద్ద దిక్కయ్యాడు.

ఆ సంఘం చేసిన ఒక పని మనలాంటి వాళ్లం గుర్తు పెట్టుకోవాలి. వాళ్లు వెట్టిచాకిరి గురించి, వర్తకుల హక్కుల గురించి తెలుగులో చిన్న చిన్న పుస్తకాలు వేసి పంచారు. అధికారి ఏది అడగవచ్చు, ఏది అడగకూడదు, దేనికి డబ్బు చెల్లించాలి అనే సంగతులు జనం భాషలోకి వచ్చాయి. చట్టం అప్పటికే ఉంది, అది జనానికి తెలియదు. తెలిసిన రోజు కోమటి దుకాణదారు "ఉత్తగా ఇవ్వను, ధర కట్టు" అనగలిగాడు. 1920లలో వెట్టిని కట్టడి చేస్తూ ప్రభుత్వమూ ఉత్తర్వులిచ్చింది. 1935లో మన సిరిసిల్లలోనే మాడపాటి అధ్యక్షతన నాల్గవ ఆంధ్ర మహాసభ జరిగింది. దానితో పాటు మహిళా సభ కూడా జరిగింది.

అయితే చదవడం రానివాళ్లకు, గడీ పనివాళ్లకు ఆ పుస్తకాలు చేరలేదు. ఉత్తర్వు వచ్చాక కూడా వెట్టి పోలేదు. 1940లలో సాయుధ పోరాటం వస్తే తప్ప చాలా ఊళ్లలో అది కదల్లేదు. మన కరీంనగర్ పల్లెల్లోనైతే 1970ల దాకా ఆనవాళ్లున్నాయి. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు వేలుగా కదిలింది ఎందుకు? వెట్టి వద్దని, ఆక్రమించిన బంజర్లు విడవమని. ఆ వెంటనే ఏం జరిగింది? సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అందుకు వాడిన చట్టం 1948 నాటిది. వెట్టి మీద ఉత్తర్వు ఊరికి రావడానికి యాభై ఏళ్లు చాలలేదు, పోలీసులు రావడానికి కొన్ని వారాలు సరిపోయాయి.

అడవిలో ఇంకో దుస్తులు

ఆదిలాబాదు నుంచి వచ్చిన చెల్లెళ్లకు ఈ కథలో ఇంకో అధ్యాయం ఉంది. అక్కడికి పోలీసు కంటే ముందు జంగ్లాతు మనిషి వచ్చాడు. అడవికి హద్దురాళ్లు పాతి, పోడు కొట్టిన చేను ఆక్రమణ అన్నాడు, పశువు మేస్తే జుర్మానా అన్నాడు, గుడిసెలు తగలబెట్టించాడు. పట్టా ఎట్లా తీసుకోవాలో తెలిసిన బయటివాళ్లు వచ్చి భూములు రాయించుకున్నారు. గోండు స్త్రీకి ఉర్దూయే కాదు, తెలుగు కూడా పరాయి భాషే. బాబేఝరి, జోడేఘాట్ గూడేలు కొమురం భీము వెంట నిలబడ్డాయి. 1940లో జోడేఘాట్‌లో కాల్పులు జరిగాయి, భీము చనిపోయాడు.

ఆ తర్వాతే ప్రభుత్వం ఎందుకిలా జరిగిందని అడిగింది. హైమండార్ఫ్ అనే శాస్త్రజ్ఞుణ్ణి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, గోండు భాషలో వాచకాలు వచ్చాయి, పట్టాలు ఇచ్చారు. 1356 ఫస్లీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ చేశారు. వినడం మొదలుపెట్టాక మంచి పనులు చేయగలిగారు. వినడానికి ముందు ఎన్ని శవాలు కావాల్సి వచ్చాయన్నది ప్రశ్న. అప్పుడూ పట్టా రాసేది ఇంటి పెద్ద పేరనే. విత్తనం వేసి, కలుపు తీసి, అడవిపందుల నుంచి చేను కాచిన ఆడమనిషి పేరు కాగితం మీదికి రాలేదు.

బ్రిటిషువాళ్లు పోయాక వచ్చిన బ్రిటిషు చట్టం

1948లో నిజాం పాలన పోయింది. 1951లో 'బి' తరగతి రాష్ట్రాల చట్టం కింద 1860 నాటి శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం మనకు నేరుగా వర్తించాయి. అంటే బ్రిటిషువాళ్లు దేశం వదిలిన నాలుగేళ్లకు వాళ్ల చట్టం మన ఊరికి వచ్చింది! ఆ సాక్ష్య చట్టంలో 155వ సెక్షన్ ఉండేది. అత్యాచార కేసులో ముద్దాయి తరఫు వకీలు స్త్రీ శీలం మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టేయమనవచ్చు. ఆ భాగాన్ని తీసేయడానికి 2002లో సవరణ చట్టం చేయాల్సి వచ్చింది. రాసింది 1872లో. నూటముప్పై ఏళ్లు.

ప్రాణహిత అవతల, మనకు పక్కనే, చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్ ఠాణాలో 1972లో మథుర అనే ఆదివాసీ బాలిక మీద పోలీసులు అత్యాచారం చేశారన్న కేసు మీకు తెలుసు. ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్లను బయటకు పంపి, ఆమెను ఠాణాలో ఉంచేశారు. 1978లో సుప్రీంకోర్టు ముద్దాయిలను వదిలేసింది. దేశమంతా మహిళలు వీధిలోకి వస్తే 1983లో చట్టం మారింది. ఠాణా అనేది స్త్రీకి రక్షణ కోసం కట్టింది కాదని, దాన్ని అట్లా మార్చుకోవాలంటే మనమే కదలాలని ఆ కేసు చెప్పింది.

మూడు గడపలు

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పి ముగింపుకు వస్తాను. కొన్నేళ్ల కింద ఏజెన్సీలోని ఒక గూడెం నుంచి ఒక గోండు స్త్రీ మా దగ్గరికి వచ్చింది. భర్త చనిపోయాడు. మరిది కొట్టాడు, చేయి వాచి ఉంది. నేను వెంటనే ఫిర్యాదు రాశాను. ఏ సెక్షన్ పెట్టాలో నాకు బాగా తెలుసు కదా! ఠాణాకు తీసుకుపోయాను. "మొగోళ్లెవరూ రాలేదా?" అని అడిగారు, పోట్లాడి ఫిర్యాదు తీసుకునేట్టు చేశాను. విజయం సాధించినట్టే అనిపించింది. బయటకొచ్చాక, మా వెంట వచ్చిన గోండి తెలిసిన చెల్లె ఆమెకు కాగితం చదివి చెప్పింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "దెబ్బలు మానుతాయి. చేను?"

విషయం ఏమిటంటే, భర్త పేర ఉన్న చేనును మరిది తన పేర విరాసత్ చేయించుకున్నాడు. అది అడిగినందుకు కొట్టాడు. నేను ఆమెను అడిగింది దెబ్బల గురించే. చేను గురించి అడగలేదు. ఎందుకంటే చేను పోలీసుల పని కాదు, తహసీలు పని. మనోవర్తి అయితే కోర్టు పని. 1868లో శాఖలు విడదీసినవాడి బుర్రే నా బుర్రలోనూ ఉంది. నేను కూడా ఆమె చెప్పింది నా భాషలోకి మార్చి, వేలిముద్ర వేయించుకున్నాను. అర్జీలు రాసేవాడికీ నాకూ తేడా ఏమిటి?

మూడు చేతులు వేరుగా ఉండాలి, అందులో సందేహం లేదు. ఒకే చేయి అయితే అది గడీ అవుతుంది. కానీ ఆమె దుఃఖం ఒక్కటే. దాన్ని మోసుకుని మూడు గడపలు ఎక్కాలంటే మూడు రోజుల కూలి పోతుంది, మూడుసార్లు బస్సు కిరాయి అవుతుంది. ఆ మూడు గడపల మధ్య దారి వేయడమే మన పని. ఆ పని ప్రభుత్వం ఎప్పుడూ చేయలేదు. మేం ఆమెతో తర్వాత తహసీలుకు పోయాం. విరాసత్ మీద అభ్యంతరం పెట్టించాం. చాలా తిరిగాం. చివరికి సగం చేను ఆమె పేర పడింది. పూర్తిగా గెలిచామని చెప్పను.

సంస్కరణలు ఆగిపోలేదు. పటేల్, పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయింది. 2016లో మన రెండు జిల్లాలు ఎనిమిది జిల్లాలయ్యాయి. 2020లో గ్రామ రెవెన్యూ అధికారి పోస్టు రద్దయి ధరణి వచ్చింది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి, సాక్ష్య చట్టం పోయి కొత్త సంహితలు వచ్చాయి. ప్రతి మార్పునూ మనం మూడు ప్రశ్నలతో చూడాలి. ఊళ్లో ఇది ఎవరి చేతిలో పడుతుంది? ఏ భాషలో ఉంది, ఆమెకు చదివి వినిపించారా? దీని కోసం తిరిగే ఖర్చు ఎవరు మోస్తారు?

చేతిలో ఉన్న వాటిని వాడుకుందాం. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మా హద్దు కాదని పంపించడానికి వీల్లేదు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. 179 కింద సాక్షిగా విచారించడానికి స్త్రీని ఠాణాకు పిలవకూడదు, ఆమె ఉన్న చోటికే రావాలి. 43 కింద ప్రత్యేక పరిస్థితిలో, మేజిస్ట్రేటు అనుమతితో, మహిళా పోలీసు అధికారి ఉంటే తప్ప పొద్దుగూకాక స్త్రీని అరెస్టు చేయకూడదు. న్యాయ సేవల సంస్థలో స్త్రీకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఈ నాలుగు మాటలను తెలుగులో, గోండిలో, కోలామీలో ఒక కాగితం మీద వేయించి గూడేనికి తీసుకుపోదాం. 1920లలో జనసంఘం వాళ్లు చేసిన పనే ఇది. ఈసారి అది గడీ వెనక వాకిలిదాకా, అడవి అంచుదాకా పోవాలి.

ఫిర్యాదు రాసే ముందు ఒక్క ప్రశ్న మాత్రం మరిచిపోకండి. "ఇంకేమైనా ఉందా అక్కా?" అని అడగండి. అడిగాక ఆమె చెప్పేదాకా ఆగండి.